గాలి ఎంత పెట్టాలి

మలక్‌పేట రైలు వంతెన పక్కన
ముప్పై ఏళ్లుగా టైర్లకు గాలి పెట్టే మనిషి
ఈ రాత్రి నా గాజు కిటికీ అవతల పడుకున్నాడు.
పేరు బుచ్చిరాములు. మెడ పదిహేడున్నర అంగుళాలు.
తలకు జిగురుతో అంటించిన తీగలు,
ఛాతీకొక పట్టీ, పొట్టకొక పట్టీ,
వేలి చివర ఎర్రగా వెలిగే క్లిప్పు.

ఇది మూడో రాత్రి.
మొదటి రాత్రి మాస్కు పీకి గోడకేసి కొట్టాడు.
"బాయిల దిగినట్టున్నది బిడ్డా" అన్నాడు.
రెండో రాత్రి మీసం దగ్గర లీకు.
ఎంత బిగించినా బుస్సుమని కంట్లోకి గాలి.
"సబ్బునీళ్లు రాయి, బుడగలొచ్చిన కాడ తెలుస్తది."
నవ్వాను గానీ
తడి వేలితో వెతికితే అక్కడే దొరికింది.
ఇవాళ మీసం తీయించుకుని వచ్చాడు.
"పెండ్లప్పటి సంది గిట్ల సూడలే" అంటూ
చంద్రకళమ్మ మొహం తిప్పుకుని, మళ్లీ చూసింది.

నా తెర మీద కనిపించేదంతా
పదకొండేళ్లుగా ఆమెకు చీకట్లోనే తెలుసు.
గురక ఆగగానే ఎంచడం మొదలు.
ఇరవై దాటితే మోచేత్తో ఒక పోటు.
"నా మోచెయ్యే ఆయన మిషిను" అంది మొన్న,
గొప్పకి కాదు, అలసటతో.

పన్నెండున్నర. ఫ్లాస్కులో చాయ్ చల్లారింది.
ఆరు దగ్గర మొదలుపెట్టాను.
గొంతు మూసుకుంటోంది. ఎనిమిది.
పొట్ట ఎగురుతోంది, ఛాతీ గుంజుతోంది,
ముక్కు గీత మాత్రం నేల మీద పరిచిన దారం.
పది. పన్నెండు.
గురక పోయింది.
పదమూడు.
హమ్మయ్య అని కుర్చీలో వాలానో లేదో
గీతలన్నీ ఒక్కసారే చదునైపోయాయి
ముక్కుదీ, ఛాతీదీ, పొట్టదీ.

ఇది మూసుకోవడం కాదు.
తలుపు బార్లా తెరిచే ఉంది,
లోపలివాడే బయటికి రావడం మరిచిపోయాడు.
ముప్పై సెకన్లు.
ఆక్సిజన్ ఎనభై ఒకటి, డెబ్బై ఆరు.
నా చెయ్యి ఇంకొంచెం పెంచుదామని కదిలింది.
కొత్తవాళ్లంతా చేసే తప్పు అదే,
తొమ్మిదేళ్ల తర్వాత కూడా చెయ్యి అటే పోతుంది.

డాక్టర్ నిఖత్ రెండో రింగుకే ఎత్తింది.
"గుండె ఎకో బాగానే ఉందిగా?
పెంచకు హైమా, తగ్గించు.
రెండు ఒత్తిళ్ల మీద పెట్టు,
పీల్చడానికొకటి, వదలడానికొకటి.
మరిచిపోతే గుర్తుచెయ్యాలి,
నిమిషానికి పన్నెండు."
ఆవులింత వినిపించింది. ఫోన్ ఆగింది.

కాసేపు మిషినుకీ అతనికీ పేచీ.
ఇది పిలిస్తే అతను పలకడు,
అతను పీలిస్తే ఇది వదలమంటుంది,
ఒకే ఇరుకు గదిలో దిగిన
కొత్త కిరాయిదారులిద్దరిలా.
మూడున్నరకి ఎవరి మంచం ఎటో తేలింది.
నాలుగూ పదికి
మూసిన రెప్పల కింద కళ్లు పరుగెత్తాయి.
కల! ఎన్నేళ్లకో.
తొంభై మూడు. తొంభై నాలుగు.

తొలి అజాన్ వేళకు వరండాలోకి వెళ్లాను.
బెంచీ మీద కూర్చునే నిద్రపోతోంది చంద్రకళమ్మ.
మోచెయ్యి గాల్లో ఒకసారి కదిలింది.
పక్కన ఎవరూ లేరు.

పొద్దున జుట్టులో జిగురు కడుక్కుంటూ అడిగాడు.
"ఎంత పెట్టినవ్ గాలి?"
చెప్పాను. టైరు లెక్కలోకి మార్చి కూడా చెప్పాను.
"గంతేనా! చిన్నపోరల బుగ్గ గూడ నిండదు గద!"
తర్వాత మిషిను ధర అడిగాడు. అదీ చెప్పాను.
వేళ్ల కణుపులు ఎంచుతూ చాలాసేపు నిలబడి
"ఏడొందల పంచర్లు" అన్నాడు, ఎటో చూస్తూ.
నేను కాగితాలు సర్దాను,
ముందే సర్దినవే.

కింద నా స్కూటీ దగ్గర ఆగాడు.
వంగి, వెనక టైరుని బొటనవేలితో నొక్కాడు.
"తక్కువున్నది. గిట్లనే నడిపితే రిమ్ము పోతది.
అట్లని మస్తుగ కొట్టియ్యకు."